పలక తుడవని కంప్యూటరు

పుల్లలచెరువులో ఒక రైతు తన భూమికి 1-బి నకలు కావాలని సేవా కేంద్రంలో అడుగుతున్నాడనుకుందాం. సరిగ్గా అదే క్షణంలో గిద్దలూరులో ఒక విద్యార్థిని ఆదాయ ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టింది. మార్కాపురంలో ఒక వృద్ధురాలు ఈ నెల పింఛను జమ అయినదో లేదో మనుమడి చేత ఫోనులో చూపించుకుంటున్నది. ముగ్గురూ మూడు ఊళ్ళ వారు, ఒకరినొకరు ఎరుగరు. అయినా వారి ప్రశ్నలు మూడూ తీగల వెంటా గాలి వెంటా పోయి, ఎక్కడో ఉన్న ఒకే కంప్యూటరును, అందులో నడుస్తున్న ఒకే ప్రోగ్రామును చేరగలవు. ఆ ప్రోగ్రాము ముగ్గురికీ ఏకకాలంలో జవాబు చెప్పాలి. ఎవరి సంగతి వారికే చెప్పాలి. ఇది ఎట్లా సాధ్యం? ఎక్కడ గుర్తు తప్పుతుంది?

ఈ ముగ్గురూ మనం ఉదాహరణకు కల్పించుకున్న వారే. ఏ కార్యాలయంలోనో పొరపాటు జరిగిందని దీని భావం కాదు. కాని ప్రశ్న మాత్రం కల్పన కాదు. 2011లో మీసేవ మొదలైనప్పటి నుంచి, 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా ‘మన మిత్ర’ వచ్చిన పిమ్మట మరింతగా, ఇట్టి పనులకు మనం మనిషి ముఖం చూడకుండా యంత్రాన్నే అడుగుతున్నాం. కచేరీలో గుమాస్తా ఎదుట నిలబడినప్పుడు ఆయన మన ముఖం చూసి మన కాగితం మన చేతికిచ్చేవాడు. యంత్రానికి ముఖం చూసి గుర్తుపట్టే అలవాటు లేదు. వచ్చినవారు ఎవరన్నది ఎక్కడో వ్రాసి పెట్టుకుంటే తప్ప దానికి తెలియదు. ఆ వ్రాత ఎక్కడ ఉండాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మొదట రెండు మాటలకు అర్థం చెప్పుకుందాం. కంప్యూటరుకు వచ్చే ఒక్కొక్క ప్రశ్నను ‘వినతి’ అందాం. ఆ వినతితో పాటు కొన్ని వివరాలు ఉంటాయి: అడిగినది ఎవరు, ఏమేమి చూడడానికి వారికి హక్కు ఉన్నది, జవాబు ఏ భాషలో కావాలి, ఎంతసేపటిలోగా ఇవ్వాలి, ఈ వినతికి ఇచ్చిన వరుస సంఖ్య ఎంత. వీటన్నిటినీ కలిపి వినతి యొక్క ‘సందర్భం’ అంటారు. అది ప్రశ్న కాదు, జవాబూ కాదు. రెండింటినీ సరైన మనిషికి ముడివేసే దారం. వినతి వచ్చినప్పుడు అది పుట్టాలి, వినతి వెంట నడవాలి, జవాబు వెళ్ళగానే పోవాలి. వినడానికి ఇది చాలా తేలిక సంగతి.

చిక్కు ఎక్కడున్నదంటే, ప్రోగ్రాము ఒక్క గదిలో జరిగే పని కాదు. వినతిని అందుకునే భాగం ఒకటి, హక్కు చూసే భాగం ఒకటి, దస్త్రాలు వెదికే భాగం ఒకటి, ధ్రువపత్రం అచ్చు రూపంలో పెట్టే భాగం ఒకటి. ఒకటి మరొకదానిని పిలుస్తుంది, అది ఇంకొకదానిని పిలుస్తుంది. గణితంలో ప్రమేయాన్ని మనం ఎరుగుదుము గదా; ప్రోగ్రాములోని ఈ భాగాలను కూడా ప్రమేయాలనే అనవచ్చు. పదవ మెట్టు మీద ఉన్న ప్రమేయానికి ‘అసలు అడిగింది ఎవరు?’ అని తెలియాలంటే, మొదటి మెట్టు మీద తెలిసిన ఆ సంగతి అక్కడిదాకా ఎట్లాగో చేరాలి.

ప్రోగ్రాములు కొత్తగా వ్రాసేవారికి మొదట తట్టే ఉపాయం గోడ మీద నల్లబల్ల వంటిది. వినతి రాగానే ‘ఇప్పుడు అడుగుతున్నవారు: 417’ అని అందరికీ కనబడే ఒక చలరాశిలో వ్రాస్తారు. ఎవరికి కావలసినా తల ఎత్తి చూసుకుంటారు. కచేరీలో ఒక్కడే అడిగేవాడుంటే ఇది చక్కగా పనిచేస్తుంది. ఇద్దరున్నప్పుడు ఏమవుతుందో చూడండి. రైతు సంఖ్య 417, విద్యార్థిని సంఖ్య 592 అనుకుందాం. మొదటి క్షణంలో బల్ల మీద 417 వ్రాశారు. దస్త్రాల నుంచి రైతు భూమి వివరం రావడానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో మూడవ మిల్లీసెకనున విద్యార్థిని వినతి వచ్చింది. బల్ల మీది 417ను చెరిపి 592 వ్రాశారు. యాభయ్యవ మిల్లీసెకనున భూమి వివరం వచ్చింది. ఎవరికి పంపాలి? ప్రోగ్రాము తల ఎత్తి చూసింది: 592. పుల్లలచెరువు రైతు సర్వే నంబర్లు గిద్దలూరు విద్యార్థిని తెర మీద ప్రత్యక్షమవుతాయి. ప్రతి భాగమూ తనకు చెప్పినట్లే చేసింది. అయినా జవాబు తప్పిన చేతికి పోయింది.

దీనిలో మరీ ప్రమాదకరమైన గుణం ఏమంటే, ఇది పరీక్షలో దొరకదు. ప్రోగ్రాము వ్రాసినవాడు తన బల్ల ముందు ఒక్కడే కూర్చుని వందసార్లు పరీక్షించినా వందసార్లూ సరైన జవాబే వస్తుంది. పది సెకన్లకు ఒక వినతి చొప్పున వచ్చే చిన్న కార్యాలయంలో, ఆ 50 మిల్లీసెకన్ల సందులో మరొక వినతి జొరబడే అవకాశం సుమారు రెండు వందలకు ఒకటి. అదే సెకనుకు ఇరవై వినతులు వచ్చే పెద్ద సేవ అయితే, ఆ సందులో సగటున ఒక వినతి వచ్చి తీరుతుంది. అవి యాదృచ్ఛికంగా వస్తున్నవనుకుంటే, సంభావ్యతా సూత్రం ప్రకారం ఒక్కటీ రాకుండా ఉండే అవకాశం 1ని 2.718తో భాగించినంత, అనగా వందకు 37 మాత్రమే. తక్కిన 63 సార్లు బల్ల మీది వ్రాత చెరిగిపోతుంది. పనిముట్టు ఒకటే, లోపం ఒకటే. రద్దీ పెరిగిన కొద్దీ సున్న నుంచి సగం దాటిపోయింది. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో కట్టి చూపిస్తే, సంభావ్యత పాఠం నాణేలు, పాచికల వద్దనే ఆగిపోకుండా ఉంటుంది.

నల్లబల్ల పనికిరాదని తేలింది గనుక, గుమాస్తాకు ఒక పలక ఇచ్చారు. నిజానికి పెద్ద ప్రోగ్రాములో పనిచేసే వరుసలు అనేకం ఉంటాయి. ఒక్కొక్క వరుసను థ్రెడ్ అంటారు. ఆ మాటకు దారం, పోగు అని అర్థం. మనం దానిని గుమాస్తా అనే పిలుచుకుందాం. జావా భాషలో విరివిగా వాడే టామ్‌క్యాట్ అనే సర్వరులో, ప్రత్యేకంగా మార్చితే తప్ప, ఇట్టి గుమాస్తాలు 200 మందికి మించరు. వినతులు లక్షలు వచ్చినా ఆ రెండు వందల మందే ఒకరి తర్వాత ఒకరికి జవాబు చెబుతారు. ప్రతి గుమాస్తా మెడలో ఒక పలక వేలాడదీసి, తన వద్దకు వచ్చినవారి వివరం దాని మీదనే వ్రాసుకోమన్నారు. ఈ ఏర్పాటు పేరు ‘థ్రెడ్ లోకల్’. జావాలో ఇది 1998లో వెలువడిన 1.2 సంచిక నుంచీ ఉన్నది. ఒకరి పలక మరొకరికి కనబడదు. కనుక నల్లబల్ల మీద జరిగిన చెరుపుడు ఇక్కడ జరగదు.

పలక అనగానే మార్కాపురం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా దొరికే నల్లరాతిని చీల్చి, కోసి, చట్రం బిగించి పంపిన పలకలు ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతుల్లో ఉండేవి. నోటుపుస్తకాలూ, రేకు పలకలూ, ప్లాస్టిక్ పలకలూ వచ్చి ఆ గిరాకీని తగ్గించాయి. ఆ రాయి ఇప్పుడు గోడలకూ నేలకూ పరిచే అలంకారపు బిళ్ళలుగా కూడా పోతున్నది. రాతిపలకకు ఉన్న గొప్పతనం, దానిని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. దానికున్న చిక్కు కూడా అదే. నిన్నటి ఎక్కం తుడవకుండా నేటి లెక్క వేస్తే ఏమవుతుందో ఒకటవ తరగతి పిల్లవాడికి తెలుసు.

గుమాస్తా పలకకూ అదే గతి. రైతు జవాబు తీసుకుని వెళ్ళిపోయాడు; గుమాస్తా పలక తుడవలేదు. తరువాత అదే గుమాస్తా వద్దకు, తన పేరు చెప్పుకోని ఒక బాటసారి వచ్చి పింఛను పథకం నియమాలేమిటని అడిగాడు. పేరు చెప్పలేదు గనుక గుమాస్తా పలక మీద కొత్తగా ఏమీ వ్రాయలేదు. కాని పదవ మెట్టు మీది ప్రమేయం పలక చూసింది. ‘417’ అని ఉన్నది. అది బాటసారిని రైతుగానే ఎంచింది. పేరు చెప్పినవారు వస్తే పాత వ్రాత మీద కొత్త వ్రాత పడి లోపం కప్పుకుపోతుంది. చెప్పనివారు వచ్చినప్పుడే బయటపడుతుంది. రెండు వందల మంది గుమాస్తాలలో సరిగ్గా ఆ తుడవని గుమాస్తానే తగలాలి గనుక, ఫిర్యాదు చేసినవాడు ‘మళ్ళీ చూపించు’ అంటే చూపించలేడు. ఇట్టి లోపాన్ని వెదకడం అడవిలో ఒక్కసారి కూసిన పిట్టను వెదికినట్లుంటుంది.

దీనికి మందు, జవాబు ముగియగానే తప్పకుండా తుడవడం. తప్పకుండా అన్నమాటకు ఇక్కడ గట్టి అర్థం ఉన్నది. పని మధ్యలో దస్త్రం దొరకక ప్రమేయం పడిపోయినా, లెక్కలో పొరపాటు వచ్చి ఆగిపోయినా కూడా తుడవాలి. అందుకే చాలా భాషల్లో ‘ఏమి జరిగినా సరే చివరికి ఇది చేయవలసినదే’ అని వ్రాసుకునేందుకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నది. తుడిచే ఆజ్ఞ ఉండవలసిన చోటు అదే. దానిని మామూలు వరుసలో ఆఖరి వాక్యంగా వ్రాసే ప్రోగ్రామర్లు ఉన్నారు. అంతా సవ్యంగా జరిగిన రోజున మాత్రమే అది తుడుస్తుంది. పని మొదలు పెట్టేముందు కూడా ఒకసారి తుడవడం నా దృష్టిలో వృథా శ్రమ కాదు.

పలకకు ఇంకొక బలహీనత ఉన్నది. గుమాస్తా పనిలో సగాన్ని పక్క గుమాస్తాకు అప్పగించాడనుకోండి. పని పోయింది, పలక మాత్రం తన మెడలోనే ఉండిపోయింది. పక్కవాడు తన పలక చూసుకుంటే ఖాళీగా ఉండవచ్చు. లేదా మరెవరి పేరో ఉండవచ్చు. ఇది చాలదన్నట్లు ఈ మధ్య కాలంలో గుమాస్తాలు పనిచేసే తీరే మారింది. దస్త్రాల గది నుంచి జవాబు వచ్చేదాకా ఊరక కూర్చోకుండా, ఒకే గుమాస్తా ఆ విరామంలో మరొకరి పని అందుకుంటాడు. అది ఆగితే ఇంకొకరిది. అట్లా ఒక్కడే వేల వినతులను కొంచెం కొంచెంగా నడుపుతాడు. అప్పుడు గుమాస్తాకు ఒక పలక అన్న ఏర్పాటు తిరిగి గోడ మీది నల్లబల్లే అయి కూర్చుంటుంది. అందుకని పలకను గుమాస్తా మెడ నుంచి తీసి పనికే కట్టారు. పని ఎవరి చేతిలోకి పోతే పలకా వారి చేతిలోకి పోతుంది. పైథాన్ భాషలో 2018లో వచ్చిన 3.7 సంచిక ఈ సదుపాయాన్ని ఇచ్చింది. జావాస్క్రిప్టును నడిపే నోడ్‌లో ఇట్టిది 2020లో చేరింది. జావాలో 2025 సెప్టెంబరులో వెలువడిన 25వ సంచికలో, ఒక పరిధిలో మాత్రమే బతికి పరిధి దాటగానే తనంతట తానే పోయే విలువలు స్థిరపడ్డాయి. చివరిదానిలో తుడవడం మరిచిపోయే అవకాశమే లేదు.

తుడవడం ఒక్కటే చాలునా? చాలదని చూపిన సంఘటన ఒకటి ఉన్నది. గిట్‌హబ్ అనేది ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములను దాచుకుని, కలిసి దిద్దుకునే పెద్ద సేవ. 2021 మార్చి 8న ఆ సంస్థ తన వాడకందార్ల ప్రవేశాలన్నిటినీ ఒక్కసారిగా రద్దు చేసి, అందరూ మళ్ళీ సంకేతపదం చెప్పి రావలెనన్నది. కారణం: అంతకు కొద్దిరోజుల ముందు కొందరు తమ ఖాతాలో ఉండగానే మరొకరి ఖాతా తెరుచుకున్నది. సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ఇట్లా తారుమారైన ప్రవేశాలు లక్షకు ఒకటి కంటె తక్కువ. అయినా ముందుజాగ్రత్తగా అన్నిటినీ రద్దు చేయడమే మంచిదని ఎంచారు.

లోపం ఎట్లా పుట్టిందో ఆ సంస్థ ఇంజనీర్లే పిమ్మట వివరంగా ప్రకటించారు. వారు వాడిన సర్వరు పేరు యూనికార్న్. అది అప్పట్లో ప్రతి వినతికీ కొత్త పలక తీసుకునేది కాదు. ఒకే పలకను తుడిచి తుడిచి వాడేది. అక్కడ ఒక్కొక్క గుమాస్తా ఒకసారికి ఒకే వినతి చూస్తాడు, తుడవడం కూడా క్రమంగానే జరిగేది. కనుక ఏళ్ళ తరబడి ఎవరికీ హాని కలగలేదు. తరువాత వేగం పెంచడానికి ప్రోగ్రాములో వెనుకగా పనిచేసే మరొక పోగును చేర్చారు. అది ఒక వినతి తాలూకు పలకను పట్టుకుని ఉండగానే వినతి ముగిసింది, పలక తుడవబడింది, తరువాతి వారి వివరం దాని మీదికి వచ్చింది. వెనుక పోగుకు ఇవేమీ తెలియవు. తన చేతిలో ఉన్నది పాత వినతి పలకే అనుకుంటున్నది. అరుదైన ఒక వరుసలో ఇవన్నీ కలిసినప్పుడు, ఒకరి ప్రవేశపు గుర్తు మరొకరికి వెళ్ళే జవాబులో చేరింది. ఇక్కడ తుడవడం మానలేదు సుమా! తుడిచిన పలకనే ఇంకొకరు చూస్తూ ఉండడం వల్ల వచ్చిన ముప్పు ఇది. వారు చేసిన దిద్దుబాట్లలో ఒకటి, ప్రతి వినతికీ కొత్త పలక తీసుకునేట్లు ఆ సర్వరును మార్చడం.

2023 మార్చి 20న చాట్‌జీపీటీలో కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనబడినప్పుడు బయటపడినది కూడా ఈ కుటుంబంలోనిదే. అక్కడ తిరిగి వాడినది పలకను కాదు, దస్త్రాల గదికి పోయే మార్గాన్ని. ఒక వినతి సగంలో రద్దయితే, దాని జవాబు మార్గంలోనే మిగిలిపోయి, తరువాత వచ్చినవారి చేతికి అందింది.

ఇక పలకను వదిలి కాగితం పట్టుకున్నవారి సంగతి. గూగుల్ సంస్థలో పుట్టిన గో భాష వారు, 2016లో వచ్చిన 1.7 సంచికలో, సందర్భాన్ని ఒక ప్రత్యేక వస్తువుగా తమ ప్రామాణిక గ్రంథాలయంలో చేర్చారు. వారి పద్ధతి దస్త్రం మీది కాగితం వంటిది. వినతి వచ్చినప్పుడు కొత్త కాగితం తీస్తారు. దానిని ప్రతి ప్రమేయానికీ మొదటి రాశిగా చేతికి అందిస్తారు. గోడకు గాని మెడకు గాని ఏదీ తగిలించరు. ఆ కాగితం మీద ఒకసారి వ్రాసింది ఎవరూ దిద్దరు. మరొక వివరం చేర్చవలసి వస్తే దాని పైన ఇంకొక కాగితం గుచ్చుతారు. క్రింది కాగితం చూస్తున్నవారికి అది ఎప్పటివలెనే ఉంటుంది. చెరిపివేత లేదు గనుక చెరుపుతుండగా చూసే ప్రమాదమూ లేదు.

ఈ కాగితంలో గడువు కూడా ఉంటుంది. రైతు విసిగి ఫోను మూసేస్తే, లేదా రెండు సెకన్ల గడువు దాటితే, క్రిందకు అందిన కాగితాలన్నిటికీ ‘ఇక వద్దు’ అనే కబురు పోతుంది. దస్త్రాలు వెదికే ప్రమేయం అది చూసుకుని పని మానవచ్చు. అడిగినవాడు లేని ప్రశ్నకు జవాబు వెదుకుతూ యంత్రం అలసిపోదు. మరి ధ్రువపత్రం ఇచ్చిన పిమ్మట రైతుకు సంక్షిప్త సందేశం పంపే పని వెనుకగా మిగిలి ఉన్నదనుకోండి. ఆ పనికి ఇదే కాగితాన్ని అందిస్తే, జవాబు వెళ్ళగానే ‘ఇక వద్దు’ అన్న కబురు దానికీ చేరి, సందేశం పోకుండానే ఆగిపోతుంది. అట్టి పనికి కావలసిన రెండు మూడు వివరాలు, అనగా ఫోను నంబరు, దరఖాస్తు సంఖ్య, విడిగా నకలు తీసి ఇవ్వాలి. రద్దు కబురును మాత్రమే వేరుచేసి తక్కినదంతా అందించే ఉపాయం గో భాషలో 2023 నాటి 1.21 సంచికలో వచ్చింది.

ప్రతి ప్రమేయానికీ ఒక రాశి అదనంగా అందించాలంటే చేతులు నొప్పి పుట్టవా అని అడిగేవారున్నారు. పుడతాయి. పలక పద్ధతిలో ఆ శ్రమ లేదు, ప్రోగ్రాము చూడడానికి పొందికగా ఉంటుంది. అయినా పౌరుల వివరాలు పట్టే ప్రోగ్రాములో నేనైతే కాగితాన్నే కోరుకుంటాను. ప్రమేయం మొదటి పంక్తి చూడగానే దానికి సందర్భం అందుతున్నదో లేదో కనబడుతుంది. పలకలో అది కంటికి కనబడదు. అయితే కాగితం దొరికింది గదా అని దాని మీద సమస్తం వ్రాయరాదు. ఎవరు, ఏ హక్కు, ఏ సంఖ్య, ఎంత గడువు, ఇంతే. వెదకవలసిన సర్వే నంబరును కూడా అందులోనే దాచి పంపితే, ప్రమేయానికి అసలు ఏమి కావాలో చదివేవారికి తెలియకుండా పోతుంది. బడిలో ఏళ్ళ తరబడి ఉండే రిజిస్టరు బీరువాలో ఒకనాటి సెలవుచీటీని దాచినట్లు, ప్రోగ్రాము ఉన్నంతకాలం ఉండే వస్తువులో ఒక వినతి కాగితాన్ని దాచడం మరొక తప్పు. గో భాష వారి సూచనలు దీనిని వద్దనే చెబుతున్నాయి.

ఏ పద్ధతి వాడినా ఆఖరి గడప వద్ద ఒక కాపలా ఉండాలి. దస్త్రంలో నుంచి వచ్చిన వివరం ఎవరిదో ఆ దస్త్రంలోనే వ్రాసి ఉంటుంది. దానిని వినతి వెంట వచ్చిన సంఖ్యతో పోల్చి, రెండూ ఒకటైతేనే బయటికి పంపాలి. కాకపోతే జవాబు ఇవ్వకుండా ఆపి, జరిగినది నమోదు చేయాలి. రైతు మరొకసారి అడుగుతాడు. అంతకు మించి నష్టం లేదు.

కంప్యూటరు ఉన్న ఉన్నత పాఠశాలలో దీనిని విద్యార్థుల చేత చేయించి చూడవచ్చు. పైథాన్‌లో పదిహేను ఇరవై పంక్తులు చాలు. తుడవని పలకను పట్టుకోవాలంటే గుమాస్తాల సంఖ్యను ఒకటికి తగ్గించండి. మొదట పేరుతో ఒక వినతి పంపండి. దాని వెనుకనే పేరు లేకుండా మరొకటి పంపండి. ఒక్కడే గుమాస్తా గనుక రెండవది తప్పక వాని వద్దకే పోతుంది. పాత పేరు పలికితే లోపం అక్కడికక్కడే దొరికినట్లు. నల్లబల్ల లోపానికి మాత్రం ఇద్దరు గుమాస్తాలు కావాలి. వ్రాయడానికీ చదవడానికీ మధ్య కావాలనే ఒక సెకను విరామం పెట్టి, ఆ సెకనులో రెండవ వినతి పంపాలి. రద్దీ ఉన్న సర్వరులో యాదృచ్ఛికంగా జరిగేది ఇక్కడ పంపిన ప్రతిసారీ జరుగుతుంది. అటు పిమ్మట పలకను పనికి కట్టి, విరామం అట్లాగే ఉంచి, మళ్ళీ పంపి చూడండి.